చాకు మూసే చప్పుడు

బెజాయాలో, రేవు కనపడే మెట్ల వీధిలో, తావుస్‌ని ఎరగని ఆడది లేదు. పెళ్ళి గౌను కుట్టించుకోవాలన్నా, అంచుకి రంగుల జడకుట్టు వేయించుకోవాలన్నా ఆమె దగ్గరికే రావాలి. ఆమె భర్త అమెజియాన్‌ని ఎరగని మగవాడూ లేడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు అతను ఖెర్రాటా లోయదారిన సెతీఫ్ దాకా బస్సు తోలాడు. వేళకి బయల్దేరేవాడు, వేళకి చేరేవాడు. సిగరెట్టు ముట్టేవాడు కాదు. డొమినో బల్ల దగ్గర పందెం కాసేవాడు కాదు. ఎవరితోనూ మాటా మాటా పెంచుకునేవాడు కాదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి, మడత చాకుల పిచ్చి.

ఖరీదైనవి కొనేవాడనుకుంటే పొరపాటు. బస్సు ఆగిన చోటల్లా దిగి, గోనె పరుచుకుని పాత తాళాలూ మేకులూ అమ్మేవాళ్ళ ముందు గొంతుక్కూర్చునేవాడు. రేకు పిడి చాకులు, చెక్క పిడి చాకులు, పొట్టేలు కొమ్ము పిడి చాకులు. గొర్రెల కాపరులు జేబులో వేసుకునేవి, అంజూరం తోటల్లో అంట్లు కట్టేవాళ్ళు వాడేవి, ఓడల మీద వంటవాళ్ళు మరిచిపోయినవి. ధర విషయంలో అతనికొక కట్టుబాటు ఉండేది. అంగడి ముందు నిప్పుల మీద తిరిగే కోడి ఎంతుంటే చాకు అంతకి మించకూడదు. అంతకి మించితే అది సరదా కాదు, జబ్బు అనేవాడు.

"ఇవాళ రాత్రి మనం తినేది కోడా, ఇనుమా?" అని అడిగేది తావుస్, అతను జేబులో చెయ్యి పెట్టుకుని గుమ్మం దాటగానే.

"ఇనుమైతే ఎముకలు ఉండవు కదే," అనేవాడు. చాకు తీసి చూపించేవాడు. ఆమె చూసేది కాదు.

సాయంత్రం కాఫీ తాగాక బాల్కనీలో కుర్చీ వేసుకుని ఒక బిస్కట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకునేవాడు. ఒక్కో చాకూ తెరిచేవాడు, గుడ్డతో తుడిచేవాడు, కీలు దగ్గర ఒక బొట్టు నూనె వేసేవాడు, మూసేవాడు. మళ్ళీ తెరిచేవాడు, మళ్ళీ మూసేవాడు. లోపల వంట చేసుకుంటున్నా, మిషను ముందు కూర్చున్నా తావుస్‌కి ఆ చప్పుడే. టిక్కుమని ఒకటి, టప్పుమని ఒకటి. తలనొప్పి ఉన్న రోజైతే ఆ చప్పుడు ఆమె నరాల మీద నడిచేది.

"ఏమయ్యా, మూసింది చాలక మళ్ళీ తెరవడం ఎందుకు?" అని అరిచేది.

బదులుండేది కాదు. లేదంటే "సరే" అనే మాట వచ్చేది.

ఆ "సరే" గురించి చెప్పాలి. అమెజియాన్ అన్నిటికీ సరే అనేవాడు. పిండి అయిపోయిందంటే సరే. కూతురు దిహియాకి జ్వరమంటే సరే. మొదట్లో తావుస్ అది మంచితనమనుకుంది. రానురాను నిర్లక్ష్యమనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోవడం మానేసింది. ఒకసారి మాత్రం ఆ మాట ఆమెకి గుండెలో దిగింది. దిహియా అప్పటికి పెళ్ళి చేసుకుని సెతీఫ్ వెళ్ళిపోయింది. ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతూ తావుస్ అంది: "నేను అక్బూ వెళ్తున్నాను, మా చెల్లెలి దగ్గరికి. నేనిక్కడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తిరిగొస్తానో రానో కూడా తెలీదు."

"సరే," అన్నాడు బాల్కనీలోంచి.

మర్నాడే వెళ్ళిపోయింది. వారం గడిచింది. ఒక మధ్యాహ్నం చెల్లెలి ఇంటి ముందు పెద్ద బస్సు ఆగింది. దారి కాని దారిలోకి తీసుకొచ్చి, లోపల ప్రయాణికుల్ని అలాగే కూర్చోబెట్టి, అమెజియాన్ దిగొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎన్నాళ్ళుంటావు? ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు," అన్నాడు. సిగ్గు లేని మనిషి అనుకుంది తావుస్. చెల్లెలి ముందు రచ్చ ఇష్టం లేక ఆ బస్సే ఎక్కి వచ్చేసింది. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఉద్యోగం నుంచి దిగాక చాకుల చప్పుడు ఇంకా ఎక్కువైంది. కొత్త అలవాటొకటి చేరింది కూడా. చాకు పిడిని చెవి కింద దవడ ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుని, టప్పున మూసేవాడు.

"ఎప్పుడో చెవి తెగి చేతిలో పడుతుంది. కుట్టడానికి నా దగ్గరికి రాకు," అనేది తావుస్.

అతను ఆమె ముఖంలోకి చూసి నవ్వేవాడు.

ఒక చలికాలపు తెల్లవారుజామున అమెజియాన్ నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఏ హడావిడీ లేకుండా బతికిన మనిషి అలాగే వెళ్ళిపోయాడు.

*

భర్త పోయిన ఆడది గడప దాటకూడని నెలలు గడిచాక దిహియా వచ్చింది, తండ్రి సామాను సర్దడానికి. బట్టలు మసీదుకి ఇచ్చేశారు. బూట్లు పక్కింటి ముసలాయనకి సరిపోయాయి. ఆఖరికి మంచం కింద మిగిలాయి, డబ్బాలు. బిస్కట్ల డబ్బాలు, కాఫీపొడి డబ్బాలు, ఒకటి రెండు పెద్ద టమాటా గుజ్జు డబ్బాలు, గోడ నుంచి మంచం అంచు దాకా వరసగా. గోడవైపు వాటి మీద దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. అంచున ఉన్నవి చెయ్యి తగిలి తగిలి మెరుస్తున్నాయి.

"అమ్మా, పిల్లలు సెలవులకి వస్తే నేరుగా ఈ మంచం కిందే దూరతారు. ఇవి తీసేయించు," అంది దిహియా.

"తీసేద్దాం. నాకేమన్నా ముద్దా?" అంది తావుస్.

దిహియా భర్తకి అల్జీర్సులో పాత వస్తువులు అమ్మే బెలాయిద్ అనే మనిషి తెలుసు. మంచి బూట్లు, మెడలో రుమాలు. ఏదో పనిమీద బెజాయా వచ్చినవాడు, చెప్పగానే అదే వారంలో ఇంటికొచ్చాడు. దిహియా డబ్బాలన్నీ ముందుగదిలోకి లాగి, మంచం కింద ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో చాప మీద పెట్టింది. తావుస్ కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"పాతవాటిలోనే సరుకుంటుంది," అంటూ బెలాయిద్ దుమ్ము పట్టిన చివర నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో చాకూ తెరుస్తాడు, అలుగు మీద ముద్ర చూస్తాడు, మూస్తాడు, పక్కన పెడతాడు. "పాపం, మీ నాన్నగారికి సర్దడం తెలీదమ్మా. చూడు, ఈ కొమ్ము పిడి చక్కటిది. దీన్ని తీసుకెళ్ళి తుప్పు రేకులతో కలిపాడు. ఏ ఊళ్ళో చేసిందో చూడలేదు, పాతదా కొత్తదా చూడలేదు. చేతికి దొరికింది దొరికినట్టు పడేశాడు."

తావుస్ పొయ్యి ముందు నిలబడి ఉంది, ముందుగదికి వీపు పెట్టి. జీవితమంతా ఆ చప్పుడు ఆమె అలాగే విన్నది. మొదటి డబ్బా చాకులు మూస్తుంటే ఆమెకి దాదాపు వినపడలేదు. చెక్క పిడివి, స్ప్రింగు లేనివి, గుడ్డలో గుడ్డ పెట్టినంత మెత్తగా మూసుకునేవి. తర్వాత డబ్బాలో చిటుక్కుమనే చిన్న చప్పుడు, పుల్ల విరిచినట్టు. ఆ చప్పుడు వినగానే తావుస్ చెయ్యి కాఫీ గిన్నె మీద ఆగింది. అది విని ఎన్నేళ్ళయిందో. దిహియా ఒళ్ళో పిల్లగా ఉన్నప్పటి సాయంత్రాల చప్పుడు అది. ఆ తర్వాత ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయిందని కూడా ఆమె ఇన్నాళ్ళూ గమనించలేదు.

ముందుగదిలో బెలాయిద్ ఇంకో డబ్బా తెరిచాడు. టిక్, టిక్. ఇవి దిహియా బడికి పోయే రోజులవి. ఇంకో డబ్బా. టక్, టక్. ఇవి ఆ పిల్ల పెళ్ళి నాటివి. ఒక్కో డబ్బాకీ చప్పుడు గట్టిపడుతూ వస్తోంది. ఆఖరి డబ్బాలో నాలుగైదే ఉన్నాయి. అందులో ఒకటి స్పెయిన్ ఓడల మీద వచ్చిన, కీలు దగ్గర రంపం పళ్ళున్న చాకు. తెరుస్తుంటే కరకరకరమని గది అదిరింది. పోయిన ఏడాదంతా బాల్కనీలోంచి ఎక్కువగా వచ్చింది అదే.

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. తావుస్ గిన్నె దించకుండానే ముందుగదిలోకి వచ్చింది.

"ఆపు నాయనా. ఎక్కడివి అక్కడ పెట్టెయ్యి."

బెలాయిద్ తలెత్తాడు. అప్పటికే ఓ పది చాకులు ఏరి రుమాలు మీద పేర్చుకున్నాడు. "ఇవి తీసుకుంటానమ్మా. మంచి ధరే ఇస్తాను. మిగతావి తూకానికి వేసుకోండి, పాత ఇనుము కింద పోతాయి."

"అన్నీ పెట్టెయ్యి. ఏది ఏ డబ్బాలోదో గుర్తుందా?"

"ఇందులో గుర్తుంచుకోవడానికేముంది? దీనికొక వరసంటూ ఉందా?"

"వరస ఉంది," అంది తావుస్. "నువ్వు కళ్ళతో చూశావు, అంతే."

అతనికి కోపమొచ్చింది, కానీ ఇల్లు కొత్తగా చావు చూసిన ఇల్లు. కాఫీ తాగకుండానే లేచాడు. మెట్లు దిగుతూ, ఇంటికి పిలిపించి ఇదేం మర్యాద అని గొణుక్కున్నాడు. దిహియా అతని వెనకే వెళ్ళి క్షమాపణ చెప్పుకుని తిరిగొచ్చింది.

"ఏమైందమ్మా నీకు? ఇన్నేళ్ళూ ఆ డబ్బాల్ని తిట్టావు."

"ఇలా కూర్చో. ఆ చాకులు ఒక్కొక్కటే మూయి. నేను అటు తిరుగుతాను."

"నీకు మతిగానీ పోయిందా?"

"మూయవే తల్లీ."

దిహియా మూసింది. తావుస్ కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఏది ఏ డబ్బాలోదో చెప్పసాగింది. "ఇది మూడోది. ఇది గోడ పక్కది. ఇది, ఇది మళ్ళీ మూడోదే, కాస్త తడబడుతుంది చూడు మూసేటప్పుడు." ఒకటి రెండు తప్పాయి. మిగతావన్నీ కలిశాయి. బెలాయిద్ ఏరిపెట్టిన పదీ కూడా చప్పుడు విని వాటి వాటి డబ్బాల్లో వేయించింది.

దిహియాకి నవ్వు ఆగలేదు. "అంటే నాన్న వీటిని చప్పుడు చూసి సర్దాడా? చిన్న చప్పుడు నుంచి పెద్ద చప్పుడుకి? ఎందుకూ?"

"అదే తెలీట్లేదు."

"చిన్న చాకుల నుంచి పెద్ద చాకులకి పెట్టాడేమో. పెద్దవి గట్టిగా మోగుతాయి కదా."

"కాదు. మొదటి డబ్బాలో జానెడువి ఉన్నాయి. ఆఖరి దాంట్లో వేలెడు చాకు ఉంది." తావుస్ ఆ వేలెడు చాకు చేతిలోకి తీసుకుంది. పొట్టి రేకు పిడి, లోపల బండ స్ప్రింగు. పిడి మీది బొమ్మ ఒకవైపు పూర్తిగా అరిగిపోయింది. ఆ అరిగిన వైపు వేలితో రాస్తూ ఉంటే ఎందుకు అరిగిందో తట్టింది. భర్త చేసినట్టే దాన్ని చెవి కింద ఎముకకి ఆనించి మూసింది. చప్పుడు చెవికి కాదు, తలలోకే వచ్చింది.

తెరిచి ఇంకోసారి అలాగే మూసింది.

"దిహియా, మీ నాన్నకి చెవుడుందా?"

కూతురు చేతిలో చాకు కింద పెట్టింది. ముఖంలో నవ్వు ఒక్కొక్క మడతే సర్దుకుంది. "నేను ఫోను చేస్తే నాన్న ఎత్తి, నా గొంతు వినగానే నీకిచ్చేసేవాడు. 'మీ అమ్మతో మాట్లాడు' అనేవాడు, అంతే. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పెళ్ళి చేసి పంపాక నాన్నకి నేను అక్కర్లేదనుకున్నాను." చాప అంచు సర్దుతూ అంది: "ఎన్నోసార్లు ఏడ్చాను కూడా."

*

అమెజియాన్‌కి చాకుల స్నేహితులు ముగ్గురుండేవారు. శుక్రవారం నమాజు తర్వాత సముద్రం ఒడ్డు బెంచీ మీద చేరి, ఎవరు కొత్తగా ఏది కొన్నారో చూసుకునేవారు. వాళ్ళలో అక్లి దగ్గరివాడు, రేవులో బరువులెత్తే యంత్రం నడిపి దిగిపోయినవాడు. ఇల్లు నాలుగు మెట్ల వరసలు కిందే. తావుస్ వెళ్ళేసరికి అతని భార్య ఫెరూజా వాకిట్లో బఠానీలు ఒలుస్తోంది. అక్లి లోపల్నించి వచ్చాడు.

"రా వదినా, కూర్చో."

తావుస్ కూర్చోలేదు. "అన్నా, ఆయనకి చెవులు వినపడవని నీకు తెలుసా?"

అక్లి తన చేతుల వంక చూసుకున్నాడు. "తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మేమంతా అతనికి కుడివైపు కూర్చోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది వదినా. ముందు ఎడమ చెవి పోయింది. డ్రైవరు కూర్చునే ఎడమ కిటికీ వైపుది. ఆ లోయలో గాలీ, లారీల హారన్లూ, ఎన్నేళ్ళని తట్టుకుంటుంది?"

తావుస్‌కి తన ఇంట్లో భోజనాల బల్ల గుర్తొచ్చింది. వంటింటి తలుపు పక్కన ఆమె కుర్చీ. అది అతనికి ఎడమవైపు. పెళ్ళయిన నాటి నుంచీ అదే చోటు.

"అలా వినపడకుండానే జనాన్ని ఎక్కించుకుని ఆ లోయలో తోలాడా?"

"అప్పటికి కుడి చెవి బాగానే ఉంది. అద్దాలు చూసుకుంటూ తోలేవాడు. మాకంటే జాగ్రత్తగా తోలేవాడు. అయినా నేను తప్పే అన్నాను. చెబితే లైసెన్సు పీకేస్తారు, ఇంకో పని నాకేం వచ్చు అన్నాడు. రెండో చెవి పోయింది పని మానేసి ఇంటికొచ్చాకే."

"ఇంటికొచ్చాక ఇక లైసెన్సు భయం లేదుగా. నాకెందుకు చెప్పలేదు?"

అక్లి భార్య వైపు చూశాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. ఫెరూజా బఠానీల గిన్నె పక్కన పెట్టింది. "చెప్పు. ఇక్కడిదాకా వచ్చి అడుగుతుంటే ఇంకా దాస్తావా?" అంది.

"అదే నేనూ అడిగాను. ఏమన్నాడంటే, 'ఇప్పుడు తావుస్ నన్ను మగాణ్ణి తిట్టినట్టు తిడుతోంది. చెవుడని తెలిస్తే తిట్టడం మానేస్తుంది. ముసలాడితో మాట్లాడినట్టు మెల్లగా, గట్టిగా, ఒక్కో మాటే మాట్లాడుతుంది. నాకది వద్దు' అన్నాడు."

తావుస్ అప్పుడు కూర్చుంది.

"ఆ చాకులు రోజూ మూసి చూసుకునేవాడు," అన్నాడు అక్లి. "ఇవాళ ఏది వినపడుతోంది, ఏది పోయింది అని. పోయినదాన్ని వేరే డబ్బాలో వేసి వెనక్కి తోసేసేవాడట. మాతో ఎప్పుడూ ఆ మాటే. 'ఫలానా రేకు పిడి ఈ వారం వెళ్ళిపోయింది' అనేవాడు, ఎవరో ఊరొదిలి వెళ్ళినట్టు. మేము నవ్వేవాళ్ళం. అతనూ నవ్వేవాడు."

"అక్బూ నుంచి నన్ను తీసుకురావడానికి వచ్చిన సంగతి మీకు చెప్పాడా?"

"బస్సు తిప్పుకుని వచ్చిన రోజా? చెప్పాడు. ఆ సాయంత్రం అక్కడికి వెళ్తున్నానన్న ముక్క ఒక్కటే చెవిన పడిందట. రెండు రోజుల్లో వస్తావనుకున్నాడు. నాలుగో రోజు నుంచి కనపడినప్పుడల్లా నన్నే అడిగాడు, 'ఏమన్నా అని వెళ్ళిందా? నాకు వినపడలేదేమో' అని. నాకేం తెలుసు?"

ఫెరూజా నీళ్ళు తెచ్చిచ్చింది. తావుస్ గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకుంది. కళ్ళ నీళ్ళు రాలేదు. వచ్చింది కోపం, మెడ నరాల్లోంచి.

"ఇరవై ఏళ్ళు గోడకి చెప్పుకున్నాను అన్నా. ఆయన నన్ను లెక్కచెయ్యడని మా చెల్లెలికి చెప్పుకున్నాను, వీధిలో వాళ్ళకి చెప్పుకున్నాను. అదంతా ఆయన చూస్తూ ఉన్నాడు. ఒక్క ముక్క చెబితే నేను కుర్చీ అటు జరుపుకునేదాన్ని. అంతేగా? కుర్చీ జరపడమేగా?"

ఫెరూజా వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

*

ఆ కోపం వారాల తరబడి దిగలేదు. దిహియా సెతీఫ్ వెళ్ళిపోయింది, డబ్బాలు మళ్ళీ మంచం కిందికి వెళ్ళాయి, అదే వరసలో. మిషను ముందు కూర్చుంటే తావుస్‌కి పని సాగేది కాదు. పాత సాయంత్రాలన్నీ ఒక్కొక్కటే విప్పి మళ్ళీ కుట్టుకోవలసి వచ్చింది. ఫలానా రోజు తను అడిగింది అతనికి వినపడిందా, వినపడలేదా? ఫలానా సరే నిజంగా సరేనా? కొన్ని తేలాయి. చాలా తేలలేదు. పిండి అయిపోయిందన్నప్పుడు సరే అని, మర్నాడు పిండి తెచ్చిన రోజులూ ఉన్నాయి. మరి అది ఎలా విన్నాడు? పెదవులు చూసి ఉంటాడా? అడగడానికి మనిషి లేడు.

ఒక శుక్రవారం పొద్దున్నే మిగతా ఆడవాళ్ళతో పాటు శ్మశానానికి వెళ్ళింది. కొండ మీద నుంచి చూస్తే కింద సముద్రం ఉప్పు పరిచినట్టు తెల్లగా ఉంది. వాళ్ళు తమ తమ సమాధుల దగ్గరికి వెళ్ళాక ఆమె అతని పక్కన కూర్చుంది. చెప్పాలనుకున్నదంతా దారిలో మనసులో వరసగా పెట్టుకుంది. నోరు తెరిచి మొదటి మాట అనబోయి ఆగింది. మనిషిని కుడి పక్కకి తిప్పి, మక్కా వైపు ముఖం పెట్టి పడుకోబెడతారు. అంటే కుడి చెవి మట్టికి ఆని ఉంది. పైకి ఉన్నది ఎడమ చెవి.

"ఇక్కడ కూడా ఇదే నా ముందు పెట్టావా?" అంది తావుస్.

నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పక్క సమాధి దగ్గర ఉన్నవాళ్ళు ఏమనుకుంటారోనని. వాళ్ళు ఏడుస్తోందనుకుని దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నారు. ఆ చెయ్యి భుజం మీద పడ్డాక నిజంగానే ఏడ్చింది. ఆ రోజు అతన్ని ఒక్క మాటా అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మీద మోకాళ్ళు నొప్పి పుట్టాయి గానీ మెడలో పట్టేసిన నరం వదిలింది.

మరుసటి శుక్రవారం అక్లికి కబురు పంపింది. బెంచీ మీద కాదు, ముగ్గురినీ తన ఇంటికి రమ్మంది, భార్యలతో సహా. గోధుమ రవ్వతో కుస్కుస్ వండింది, చిక్కుడుకాయలు, ఆలివ్ నూనె వేసి. భోజనాలయ్యాక డబ్బాలు లాగించి చాప మీద పెట్టించింది. ముసలివాళ్ళు ముగ్గురూ వాటి చుట్టూ చేరారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ డబ్బాలన్నీ ఒకచోట వాళ్ళు చూడటం అదే మొదలు.

"తలా ఒకటి తీసుకోండి. ఆయన గుర్తుగా," అంది తావుస్. "ఏ డబ్బాలోదైనా సరే. ఆఖరి దాంట్లోంచి మాత్రం వద్దు."

వాళ్ళు తొందరపడలేదు. ఎత్తి చూశారు, తెరిచారు, మూశారు, ఒకరికొకరు అందించుకున్నారు. అక్లి గోడ పక్క డబ్బాలోంచి చెక్క పిడిది తీసుకున్నాడు, చప్పుడే లేనిది. చాకు ఊరికే తీసుకుంటే స్నేహం తెగుతుందని ముగ్గురూ తలా ఒక దినారు బిళ్ళ ఆమె ముందున్న పళ్ళెంలో వేశారు. ఆమె తీసుకుంది.

ఫెరూజా ఇదంతా చూస్తూ ఉంది. ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమెనేదో తొలుస్తోంది. ఆఖరికి తావుస్ చెవి దగ్గరికి వంగి, మగవాళ్ళకి వినపడేంత గట్టిగానే అడిగింది: "మా ఆయన తన చాకుల్ని చెప్పుల అలమరలో పెడతాడు అక్కా. దానికేం అర్థమంటావు?"

"నన్నడుగుతావేం? ఎదురుగా ఉన్నాడు, అతన్నే అడుగు."

"ఏమయ్యా, చెప్పుల అలమరలో ఎందుకు పెడుతున్నావు?"

"వంటింట్లో పెడితే బయట పారేస్తానన్నావు కాబట్టి," అన్నాడు అక్లి.

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

"చెవులు బాగానే వినపడుతున్నాయా?"

"నువ్వు పక్క వీధిలో మాట్లాడినా వినపడుతున్నాయి. అదే నా కష్టం."

అందరూ నవ్వారు. అయినా ఫెరూజా అతని ముఖంలోకి ఇంకాసేపు చూస్తూనే ఉంది, బట్ట కొనేముందు వెలుతురులో తిప్పి చూసినట్టు.

తావుస్ మిగిలిన చాకుల్ని డబ్బాల్లోకి సర్దింది. సర్దుతూ ఒక్కోటీ మూసి విన్నది, చెయ్యి దానంతట అదే అలా చేసింది. మూడో డబ్బా మూత పెట్టబోయి ఆగింది. అందులోంచి ఒకటి తీసి మూసింది. నాలుగో దాంట్లోంచి ఒకటి తీసి మూసింది. మళ్ళీ మూడో డబ్బాది మూసింది.

"ఏమిటి వదినా?" అన్నాడు అక్లి.

"ఈ రెంటికీ మధ్య ఏదో లేదన్నా. ఇది టిక్కుమంటోంది, ఇది ఒక్కసారిగా టక్కుమంటోంది. మధ్యలో ఒక చప్పుడు ఉండాలి."

ముగ్గురూ ముందుకి వంగారు. రెండు చాకులూ చేతులు మారాయి. ఒకాయన కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. నిజమే అన్నాడు. రేకు పిడిలో సన్న స్ప్రింగున్న రకమైతే సరిపోవచ్చునని ఇంకొకాయన అన్నాడు. కాదు, కొమ్ము పిడి పాతబడితే అలా మోగుతుందని అక్లి అన్నాడు. కాసేపు దాని మీద గట్టి వాదనే జరిగింది. ఆడవాళ్ళు కాఫీ కప్పులు తీయడానికి లేచారు. తావుస్ లేవలేదు.

"నది ఒడ్డు సంతకి మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడిగింది.

"రేపే. నువ్వొస్తావా? అక్కడ ఆడవాళ్ళు బట్టల వైపే ఉంటారు వదినా. ఇనుము వైపు అందరూ మగాళ్ళే."

"ఉండనీ. ఫెరూజా కూడా వస్తుంది. ఏం, రావా?"

"వస్తాను," అంది ఫెరూజా వంటింట్లోంచి.

మర్నాడు ఎండ ఎక్కకముందే వెళ్ళారు. పాత తాళాలూ పంపు గొట్టాలూ పరిచిన గోనె ముందు తావుస్ గొంతుక్కూర్చుంది. అమ్మేవాడు పడుచువాడు, గడ్డానికి నూనె రాసుకున్నాడు. ఆడమనిషిని చూసి మెరిసే కొత్త చాకొకటి ఎత్తి, అలుగు ఎండకి తిప్పి చూపించాడు.

"వంటింటికా అమ్మా? ఇది తీసుకో, నిమ్మకాయ నీడని కూడా కోస్తుంది."

"అది కాదు, ఆ పక్కది. ఆ నల్ల పిడిది."

"అది మొద్దుబారింది. తుప్పు కూడా ఉంది."

"ఉండనీ. మూసి చూపించు."

"తెరిచి చూపిస్తాను, అలుగు చూసుకో."

"అలుగు నాకక్కర్లేదు నాయనా," అంది తావుస్, కాస్త ముందుకి జరిగి. "మూయి. మెల్లగా మూయి."